సెలవుల్లో కాపురం

పెళ్ళికి ముందు వాళ్ళిద్దరూ ఒకే ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. ఆయన పై తరగతులకి, ఆవిడ కింది తరగతులకి. స్టాఫ్ రూములో ఆవిడ ఆయన్ని ‘మాస్టారూ’ అనేది, ఆయన ఆవిడని ‘టీచరమ్మా’ అనేవాడు. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయినా ఆ పిలుపులు మారలేదు. మొగుడూ పెళ్ళాల్లా లేరు, పరీక్ష డ్యూటీకి వచ్చిన ఇన్విజిలేటర్లలా ఉన్నారని మాస్టారి చెల్లెలు వాళ్ళ మొహం మీదే అనేది. ఆ అమ్మాయి నోట్లో నువ్వుగింజ నానదు.

పదకొండేళ్ళ క్రితం ఒక ఏజెన్సీ ద్వారా ఇద్దరికీ పరాయిదేశంలో ఇంగ్లీషు టీచర్ల ఉద్యోగాలు వచ్చాయి. దేశం ఒకటే గానీ ఊళ్ళు రెండు. మాస్టారికి ఒక ఫ్యాక్టరీ ఊళ్ళో పాలిటెక్నిక్, టీచరమ్మకి ఇంకో ఊళ్ళో హైస్కూలు. మధ్యలో తొమ్మిది గంటల రైలు ప్రయాణం. మొదటి ఏడాదికే ఇలా, ఆ తర్వాత ఒకచోటికి సర్దుతామని ఏజెన్సీ ఆయన చెప్పాడు. రెండో ఏడాది అడిగితే మూడో ఏడాది అన్నాడు. నాలుగో ఏడాదికి ఏజెన్సీలో ఆ మనిషే లేడు. ఐదో ఏడాది నుంచి వీళ్ళు అడగడం మానేశారు.

టీచరమ్మది మూడో అంతస్తులో ఒక్క గది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఎప్పుడూ రెండు కట్టల కాంపోజిషన్ పుస్తకాలు, ఒక మనిషి పక్కకి ఒత్తిగిలితే చాలు గోడ తగిలే మంచం. మొదట్లో సెలవులు రాగానే మాస్టారు అక్కడికే వచ్చేవాడు. మంచం మీద ఒకరు, కింద దుప్పటి పరుచుకుని ఒకరు. అప్పుడు అదేమీ ఇబ్బందిగా అనిపించలేదు. తర్వాత ఆయన మోకాలికి కింద పడుకోవడం పడలేదు. ఒక సెలవుల్లో ఇద్దరూ సగం దూరం ప్రయాణం చేసి, మధ్యలో ఉన్న ఒక సరస్సు ఊళ్ళో హోటలు తీసుకున్నారు. బాగానే ఉందనుకున్నారు. అప్పటినుంచి అదే అలవాటయింది.

ఏడాదికి మూడు సెలవులు. మూడు సెలవులకీ మూడు ఊళ్ళు. కోటలు చూశారు, వేడినీటి బుగ్గలు చూశారు, జలపాతాలైతే లెక్కలేదు. కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగారు. ఊరు మారినా వెంట తీసుకెళ్ళే సామాను ఒకటే: ఒక చిన్న రైస్ కుక్కరు, రెండు ప్లేట్లు, ఒక పచ్చడి సీసా. హోటలు వాళ్ళకి తెలియకుండా కిటికీ తెరిచి అన్నం వండుకునేవారు. ఒకసారి ఆవిరికి పొగ అలారం మోగి, అంతస్తు మొత్తం కిందికి దిగింది. అందరితోపాటు వీళ్ళూ దిగి, ఏమీ ఎరగనట్టు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు ఎంత నవ్వుకున్నారో టీచరమ్మకి గుర్తుంది. నవ్వు గుర్తుంది గానీ నవ్వినప్పుడు ఎలా అనిపించిందో గుర్తులేదు.

పిల్లలు కలగలేదు. ఆ మాట మాట్లాడుకోవలసినన్నాళ్ళు మాట్లాడుకుని ఆపేశారు.

పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే, కాసేపటికి ఆ దవడ మనదో కాదో తెలియదు. వేలుతో నొక్కితే వేలికి తెలుస్తుంది, దవడకి తెలియదు. టీచరమ్మ పరిస్థితి అలా ఉండేది. ఎప్పుడు మొదలైందో ఆవిడకే తెలియదు. ఒక్కరోజులో వచ్చినది కాదది. పాఠం చెప్పేది, పుస్తకాలు దిద్దేది, బట్టలు ఉతుక్కునేది. ఎవరైనా పలకరిస్తే నవ్వేది. నవ్వు సమయానికే వచ్చేది.

అలా పదకొండో ఏడాది చలికాలానికి ముందు, ఒక సోమవారం నాలుగో పీరియడ్ అయ్యాక వైస్ ప్రిన్సిపాల్ పిలిపించింది. కళ్ళజోడుకి తాడు కట్టుకుని మెడలో వేలాడేసుకునే పెద్దావిడ, మంచి మనిషి. కాగితం కప్పులో టీ ఇచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో విషయం చెప్పింది. పై తరగతుల గ్రామర్ టీచరు ఈ టర్ముతో వెళ్ళిపోతున్నాడు. మీ ఆయన కూడా ఇదే పని కదా, ఇంటర్వ్యూ కూడా అక్కర్లేదు, నెలాఖరులోగా ఒక ఉత్తరం పెట్టమనండి చాలు అంది. అంతటితో ఆగకుండా తాళాల గుత్తి తీసుకుని, మైదానానికి అవతలున్న ఫ్యామిలీ క్వార్టర్స్ చూపించింది. కింది అంతస్తు, రెండు గదులు, వేరే వంటిల్లు. వంటింట్లో పంపు తిప్పి నీళ్ళు వస్తున్నాయని కూడా చూపించింది. పడగ్గది తలుపు వెనక బట్టలు తగిలించుకునే కొక్కేలు నాలుగున్నాయి. టీచరమ్మ వాటికేసి కాసేపు చూసి, చాలా థాంక్స్ అని చెప్పి, ఐదో పీరియడ్‌కి వెళ్ళిపోయింది.

మాస్టారు ప్రతి ఆదివారం పొద్దున్న పది గంటలకి ఫోన్ చేస్తాడు. ఆ ఆదివారం కూడా చేశాడు. వాన గురించి, మోకాలి గురించి, అర్ధసంవత్సర పరీక్షల గురించి మాట్లాడుకున్నారు. ఇంకేమిటి విశేషాలు అని ఆయన అడిగాడు. టీచరమ్మ చెప్పబోయింది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే తిరిగి, గీజరు బాగుచేశారు అని బయటికొచ్చింది. రెండో ఆదివారం ఆయనకి జలుబు చేసింది. ముక్కు కారుతున్న మనిషికి ఇంత పెద్ద సంగతి ఏం చెప్తాంలే అనుకుంది. మూడో ఆదివారం అనుకోవడానికి ఏ సాకూ దొరకలేదు. అయినా చెప్పలేదు.

ఆయన మీద కోపం లేదు. ఇంకెవరి మీదా మనసు లేదు. పోనీ ఒంటరిగా సుఖంగా ఉందా అంటే అదీ లేదు. చెయ్యి కదలలేదు, అంతే. నెల అయిపోయింది. వైస్ ప్రిన్సిపాల్ అడిగితే, ఆయనకి అక్కడ ఇంకా రెండేళ్ళ కాంట్రాక్టు ఉందని చెప్పింది. ఉన్నది ఆరు నెలలే. అంత మంచి మనిషితో అబద్ధం చెప్పినందుకు గుండె దడదడలాడుతుందేమోనని చూసుకుంది. దాని మానాన అది కొట్టుకుంటోంది.

చలికాలం సెలవులు తొమ్మిది రోజులు. ఈసారి మాస్టారు సముద్రం పక్క ఊరొకటి చూసి హోటలు బుక్ చేశాడు. టీచరమ్మ రైలు రెండు గంటలు ముందొచ్చింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని పదకొండు పుస్తకాలు దిద్దింది. ఆయన రైలు దిగి, బ్యాగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, తిన్నావా అని అడిగాడు. తిన్నాను, మీరు అని ఆవిడ అడిగింది. తిన్నానన్నాడు. ఆయన నాలుగడుగులు ముందు, ఆవిడ వెనక, హోటలుకి నడిచారు.

గదిలో రెండు విడి మంచాలున్నాయి, మధ్యలో ఒక లైటు స్టాండు. కౌంటరు దగ్గర అమ్మాయి నొచ్చుకుంది. పొరపాటయింది, రేపు డబుల్ బెడ్ గది ఖాళీ అవుతుంది, మారుస్తామంది. పర్లేదు అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ అమ్మాయి నవ్వింది. ఇద్దరి మాటా ఎంత కలిసిందీ అని ముచ్చటపడినట్టుంది.

మొదటిరోజు లైట్‌హౌస్ ఎక్కారు. నూట నలభై మెట్లు. మోకాలు నొప్పిగా ఉన్నా ఆయన ఎక్కాడు, ఎక్కక తప్పదు కాబట్టి. పైన గాలికి మాట వినబడలేదు. రెండోరోజు చేపల వలల మ్యూజియం. ఒక్కో వల కింద ఒక్కో చీటీ ఉంటే, రెండు చోట్ల ఇంగ్లీషు తప్పులు ఇద్దరికీ ఒకేసారి కనిపించాయి. ఆయన జేబులో పెన్ను మీదికి చెయ్యి వెళ్ళి ఆగింది. అంతకన్నా చెప్పుకోవలసింది ఏమీ జరగలేదు. మూడోరోజు పొద్దున్నే వాన పట్టుకుంది. తీరం వెంట నడిచి వచ్చిన ప్యాంట్లు, సాక్సులు అన్నీ బురద. హోటలు సందు చివర, నాణేలు వేస్తే తిరిగే బట్టల మిషన్ల దుకాణం ఒకటి ఉందని కౌంటరు అమ్మాయి చెప్తే, సంచీ పట్టుకుని గొడుగులో వెళ్ళారు.

దుకాణంలో మనుషులెవరూ లేరు. ఆరు మిషన్లు, నేలకి బిగించిన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఇద్దరి బట్టలూ ఒకే మిషన్‌లో పడేశారు. తెర మీద నలభై రెండు నిమిషాలు అని చూపించింది. పక్కపక్కన కూర్చున్నారు. గుండ్రటి అద్దం వెనక ఆయన చొక్కా చెయ్యి, ఆవిడ పంజాబీ డ్రెస్సు కలిసి తిరుగుతున్నాయి.

చల్లకొచ్చి ముంత దాచే అలవాటు మాస్టారికి లేదు. ఏదైనా ఉంటే పుల్ల విరిచినట్టు అనేస్తాడు. అలాంటిది, రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“మీ బడిలో గ్రామర్ పోస్టు ఖాళీ వచ్చింది కదా,” అన్నాడు.

టీచరమ్మ మిషన్‌కేసే చూస్తోంది. “వచ్చింది. మీకెలా తెలుసు?”

“ఏజెన్సీ వాళ్ళు నెలనెలా ఖాళీల జాబితా పంపిస్తారు కదా. అందులో మొదటిదే మీ బడి.”

ఆ జాబితా ఆవిడకి కూడా వస్తుంది. తెరిచి చూడటం మానేసి ఏళ్ళయింది. తనకి వచ్చేది ఆయనకీ వస్తుందన్న మాటే తట్టలేదు.

“అయితే మీకు మొదటినుంచీ తెలుసు,” అంది.

“తెలుసు.”

“నేను చెప్పలేదని కోపం వచ్చిందా?”

మాస్టారు క్లాసులో మంచి ప్రశ్న అడిగిన కుర్రాడికి జవాబు చెప్పే ముందు సుద్దముక్క అరచేతిలో దొర్లిస్తాడు. ఇప్పుడు చేతిలో సుద్దముక్క లేదు, గొడుగు పిడి ఉంది.

“ప్రతి ఆదివారం ఫోన్ చేసేముందు, ఇవాళ చెప్తావేమో అనుకునేవాణ్ణి,” అన్నాడు. “చెప్పకుండా ఫోన్ పెట్టేస్తే…” అని ఆగాడు. “అబద్ధం ఎందుకులే. హమ్మయ్య అనుకునేవాణ్ణి టీచరమ్మా.”

మిషన్ నీళ్ళు వదిలి మళ్ళీ పట్టుకోవడం మొదలుపెట్టింది. తెర మీద ఇరవై ఎనిమిది ఉంది.

టీచరమ్మ ఆ మాట తనకి ఎక్కడ తగులుతుందా అని ఎదురుచూసింది. కడుపులోనా, గొంతులోనా, కళ్ళలోనా. కట్టుకున్న మొగుడు పక్కన కూర్చుని, నీతో ఉండనక్కర్లేనందుకు హమ్మయ్య అనుకున్నానంటే ఆడదానికి ఎక్కడో ఒకచోట తగలాలి కదా. ఎక్కడా తగల్లేదు. మడమల దాకా వాన నీళ్ళు ఇంకిన చెప్పులు మాత్రం చల్లగా ఉన్నాయి.

“నాకూ అంతే,” అంది. “క్వార్టర్స్ కూడా చూపించింది ఆవిడ. రెండు గదులు. బాగానే ఉన్నాయి.”

“కింది అంతస్తా?”

“కింది అంతస్తే. మీ మోకాలికి మెట్ల బాధ కూడా లేదు.”

ఆయన తలాడించాడు. మంచి ఇల్లే పోయిందన్నట్టు తలాడించాడు. మిషన్ ఆగాక బట్టలు ఆరబెట్టే మిషన్‌లో వేసి, మళ్ళీ కూర్చున్నారు. అవీ అయ్యాక బల్ల మీద పోసి మడతపెట్టడం మొదలుపెట్టారు. ఎప్పుడూ అన్నీ కలిపే మడిచి ఒకే సంచీలో పెట్టేవారు. ఆ రోజు ఆయన తనవి ఒక పక్క, ఆవిడవి ఒక పక్క పెట్టాడు. కావాలని చేశాడో, చేతికి అలా వచ్చిందో ఆవిడ అడగలేదు.

వింత ఏమిటంటే, ఆ మర్నాటి నుంచి వాళ్ళిద్దరికీ మాటలు దొరికాయి. ఎండ వచ్చింది. దీవికి పడవలో వెళ్ళారు. దారిలో మాస్టారు తన పాలిటెక్నిక్ కుర్రాడొకడి సెలవు చీటీ గురించి చెప్పాడు. ఆ కుర్రాడు ‘గివ్ మీ లీవ్’ అని రాయబోయి, ‘ప్లీజ్ లీవ్ మీ’ అని రాశాడట. సెలవివ్వమని అడగబోయి నన్ను వదిలెయ్యండి మహాప్రభో అన్నాడన్నమాట. టీచరమ్మ నవ్వింది. ఆయనా నవ్వాడు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి ఏదో తట్టి, సముద్రంకేసి చూశారు. అయినా ఆ చూపులో బరువేమీ లేదు. దీవిలో ఆయన ముందు నడవలేదు. పక్కనే నడిచాడు. మోకాలి వల్ల కావచ్చు.

చివరిరోజు పొద్దున్న గదిలో అన్నం వండుకున్నారు. తింటూ, వచ్చే సెలవులకి నువ్వు ఎటు వెళ్దామనుకుంటున్నావు అని ఆయన అడిగాడు. ‘మనం’ అనకుండా ‘నువ్వు’ అన్నాడు. టీచరమ్మ ఇంకా అనుకోలేదంది. మీరు మీ చెల్లెలి దగ్గరికి వెళ్ళి నాలుగేళ్ళయింది, ఒకసారి వెళ్ళి రండి అంది. ఆయన అదే అనుకుంటున్నానన్నాడు. విడాకుల కాగితాల సంగతి ఎత్తాడు గానీ, ఇప్పుడు ఎవరికి తొందర అని తనే తీసేశాడు. కుక్కరు కడిగి తుడిచి, నువ్వే ఉంచుకో అన్నాడు. ఆవిడ వద్దంది. మీకు హోటలు తిండి పడదు, మీరే పట్టుకెళ్ళండి అంది. కాసేపు మీరంటే మీరని మర్యాదలు చేసుకున్నాక, ఆయన బ్యాగులోనే వెళ్ళింది.

స్టేషన్‌లో ఆయన రైలు ముందు. తలుపు దగ్గర నిలబడి, జాగ్రత్త టీచరమ్మా అన్నాడు. మీరూ జాగ్రత్త మాస్టారూ అంది. పదకొండేళ్ళుగా ప్రతి ప్రయాణానికీ అనుకునే మాటే.

అంతే. కేకలు లేవు, ఏడుపులు లేవు, మధ్యవర్తులు లేరు.

మధ్యవర్తి ఆరు నెలల తర్వాత వచ్చింది. ఎండాకాలం సెలవులకి అన్నగారు ఒక్కడే దిగేసరికి, మాస్టారి చెల్లెలికి అనుమానం వచ్చింది. అడిగితే ఆయన నీళ్ళు నమిలాడట. ఆ అమ్మాయి వదలకుండా వారం రోజులు తిప్పితిప్పి అడిగి, సంగతి మొత్తం లాగి, టీచరమ్మకి ఫోన్ చేసింది.

“నిజం చెప్పు వదినా, ఏం పోట్లాడుకున్నారు?”

“ఏం పోట్లాడుకోలేదమ్మా.”

“మా అన్నయ్య ఏమైనా అన్నాడా?”

“లేదు. ఆయన ఏమంటారు, పాపం.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

“పోట్లాడుకుని ఉంటే బాగుండేది వదినా,” అంది గొంతు తగ్గించి. “పోట్లాడుకున్నవాళ్ళకైతే నాలుగు మాటలు చెప్పి సర్దేదాన్ని. మిమ్మల్ని నేనేం చెయ్యను?”

ఆ పిల్ల ఏడుస్తోందని టీచరమ్మకి అర్థమైంది. వాళ్ళ కాపురానికి ఎవరో ఒకరు ఏడ్చారు కదా అనుకుంది. ఏడుస్తున్న మనిషిని ఓదార్చడానికి, అన్నయ్యకి రాత్రిళ్ళు పెరుగు వెయ్యకు, జలుబు చేస్తుంది అని చెప్పింది. అవతల ఏడుపు ఎక్కువయింది.

ఆ సెలవుల్లోనే టీచరమ్మ మొదటిసారి ఒక్కతే ప్రయాణం చేసింది. గదిలో కూర్చుంటే ఎందుకు వెళ్ళలేదని అందరూ అడుగుతారని వెళ్ళింది, అంతకన్నా కారణం లేదు. నది పక్కన ఏదో ఊరు. ఎక్కడ ఏం చూడాలో ఎప్పుడూ మాస్టారే రాసుకొచ్చేవాడు కాబట్టి ఆవిడ దగ్గర ఏ జాబితా లేదు. మొదటి రెండు రోజులు హోటలు గదిలో నిద్రపోయింది. లేచి, బిస్కట్లు తిని, మళ్ళీ పడుకుంది. మూడోరోజు గది ఊడ్చే ఆవిడ వచ్చి, ఒంట్లో బాగుందా అన్నట్టు నుదుటి మీద చెయ్యి పెట్టి సైగ చేస్తే, బాగుందని తలాడించి, సిగ్గుపడి బయటికొచ్చింది.

ఊరి మధ్యలో నది మీద పాత వంతెన ఉంది. కాలినడక వాళ్ళకి మాత్రమే. ముగ్గురు పనివాళ్ళు దాని రెయిలింగుకి రంగు వేస్తున్నారు. ఒకడు ఉప్పుకాగితంతో గీకుతున్నాడు, ఒకడు గుడ్డతో తుడుస్తున్నాడు, మూడోవాడు చిన్న డబ్బా వేలికి తగిలించుకుని బ్రష్షుతో వేసుకుంటూ వస్తున్నాడు. వంతెన చివర అరుగులాంటిది ఉంటే టీచరమ్మ కూర్చుంది. మధ్యాహ్నం దాకా అలాగే చూస్తూ ఉండిపోయింది. రంగు వాసన ముక్కుకి ఎక్కి రెండు తుమ్ములొచ్చాయి. రంగు వేసేవాడు తల తిప్పి ఏదో అన్నాడు. చిరంజీవ లాంటి మాటే అయ్యుంటుంది.

ఆదివారం పది గంటలకి మాస్టారు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ మాత్రం ఇద్దరిలో ఎవరూ మానెయ్యలేదు. చెల్లెలింట్లో మేనకోడలికి పాసివ్ వాయిస్ చెప్పలేక ప్రాణం పోతోందన్నాడు. నువ్వేం చూశావు అని అడిగాడు.

“వంతెన రెయిలింగుకి రంగు వేస్తుంటే చూశాను.”

“ఇంకా?”

“ఇంకేం లేదు. నిన్న పొద్దున్న తొమ్మిదింటి నుంచి పన్నెండు దాకా అదే చూశాను.”

ఆయన నవ్వుతాడనుకుంది. లేకపోతే అక్కడిదాకా వెళ్ళి మ్యూజియం చూడలేదా అంటాడనుకుంది. “ఏం రంగు?” అని అడిగాడు.

“ఆకుపచ్చ.” టీచరమ్మ ఇంకా ఏదో చెప్పాలనిపించి ఆలోచించింది. “కింద పాత రంగు నీలం ఉన్నట్టుంది మాస్టారూ. వేసినచోట కూడా అక్కడక్కడా కనిపిస్తోంది.”

“ఒక్క పూతకి పోదు,” అన్నాడాయన. “ఆరనిచ్చి ఇంకో పూత వెయ్యాలి. వేస్తారులే.”

“రేపు వెళ్ళి చూస్తాను,” అంది టీచరమ్మ.